సంచి తరుగు

బోర్నియో వెళ్లే జాబితాలో సలోమి పేరు ఎక్కడమూ, తండ్రి గురవయ్య నాలుగు రోజులు ముఖం తిప్పుకొని ఐదో రోజు కాగితం మీద సంతకం పెట్టడమూ పోయిన వారం చూశాం. సంతకం పెట్టాక అతను అన్నది ఒక్కటే మాట. "పెట్టె అడుగు నేను సర్దుతా." నరసరావుపేటలో ఆ సందు సందంతా దాన్ని ప్రేమ అనుకుంది. సందులో వాళ్లకు తీరిక ఎక్కువ. తీరిక ఉన్నవాళ్లు ఏదైనా అనుకుంటారు.

మే నెలాఖరు. మధ్యాహ్నం రెండు. బయట నలభై ఐదు డిగ్రీలు. ఆ ఎండలో రేకుల ఇంట్లో సలోమి మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, ఒంటి మీద ఆకుపచ్చ రెయిన్ కోటు వేసుకొని అటూ ఇటూ నడుస్తోంది. చెమట ధారలు కడుతున్నా కోటు విప్పదు. బూట్లు నేల మీద కీచుమన్నప్పుడల్లా ఆ పిల్లకు ఒళ్లు పులకరిస్తోంది. ఎప్పుడూ ఎండిన నేల మీద నడిచిన కాళ్లు ఇంకో రెండు రోజుల్లో బురదలో దిగుతాయి.

ఉద్యాన కళాశాలలో మూడో ఏడు చదువుతోంది సలోమి. మలేషియా కిందికొచ్చే బోర్నియో దీవిలో కుచింగు అనే ఊళ్లో ఆరు నెలలుండి, మిరియాల తీగకు వచ్చే వేరుకుళ్లు తెగులు గురించి నేర్చుకోవాలి. రాష్ట్రం మొత్తానికి ఎనిమిది మందికి దక్కిన అవకాశం. నాలుగింటికి హైదరాబాదు బస్సు, తెల్లవారాక విమానం. ఎనిమిది మందిలో ఎవరు సమయానికి చేరకపోయినా ఆ చోటు తొమ్మిదో పిల్లకు పోతుంది. ఆ తొమ్మిదో పిల్ల మాచవరం లిఖిత. పెట్టె సర్దుకొని హైదరాబాదులో మేనత్త ఇంట్లో కూర్చుంది. పొద్దుటి నుంచి రెండుసార్లు ఫోన్ చేసి, "బయల్దేరావా సలోమీ?" అని తియ్యగా అడిగింది. ఆ తీపి ఎందుకో సలోమికి తెలుసు. లిఖిత చోట తనున్నా అట్లాగే అడిగేది.

"ఆ తోలు విప్పవే, వడదెబ్బ కొట్టుద్ది," అంది నాయనమ్మ రాహేలు, నులక మంచం మీద నుంచి.

"ఇది తోలు కాదు నాయనమ్మా. అక్కడ రోజూ వానంట. పొద్దున ఎండ, మజ్జాన్నం వాన. చెట్టు మీద నుంచి జలగలు కూడా పడతయ్యంట."

"జలగలు పడే చోటికి ఎగురుకుంటా పోతన్నావు. నీకు మతుందా?"

"జలగలకు మేజోళ్లు కూడా కొన్నా. చూస్తావా?"

రాహేలు చూడనంది. ఆమెకు కోపం జలగల మీద కాదు, జాబితా మీద. కళాశాల వాళ్లు పంపిన జాబితాలో మొదటి మాటే నూలు బట్టలు వద్దని. గాలిలో తేమకు నూలు ఆరదు, బూజు పడుతుంది, తొందరగా ఆరే పలచని సింథటిక్ బట్టలే తెచ్చుకోమని. నలభై ఏళ్లు పరాయి చేలల్లో పత్తి తీసిన మనిషి రాహేలు. వేళ్ల కొసల మీద పత్తికాయ గీసిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి. నూలు పనికిరాని దేశం ఒకటుందంటే ఆమె దృష్టిలో అది దేశమే కాదు.

రెండో తగాదా ఎండ గురించి జరిగింది. అక్కడ ఎంత ఎండ కాస్తుందని రాహేలు అడిగింది. మహా అయితే ముప్పై రెండు డిగ్రీలని సలోమి చెప్పింది. ముప్పై రెండంటే సంక్రాంతి ముందు చలిరోజుల్లో ఇక్కడ మధ్యాహ్నం పూట ఉండే ఎండ. రాహేలు ఇంకేమీ మాట్లాడకుండా లేచి, పెద్ద దుప్పటీ, ఊలు స్వెట్టరూ, కోతి టోపీ తెచ్చి పెట్టెలో పెట్టింది. ఉక్కపోత గురించి సలోమి అరగంట చెప్పింది. రాహేలు అరగంటా తల ఊపింది. దుప్పటి మాత్రం తీయనివ్వలేదు.

ఇప్పుడు పెట్టె గది మధ్యలో నిలబడి ఉంది. దాని మూత మీద గురవయ్య సుద్దముక్కతో '23' అని వేసి, చుట్టూ గీత గీశాడు. అతను ఇరవై ఆరేళ్లుగా మిరపకాయల కాటా దగ్గర మనిషి. ఇప్పుడు ఊరి బయట కోల్డ్ స్టోరేజీలో తూకం అతనిదే. మిరపకాయల టిక్కీని, అంటే గోతాన్ని, తూచి బరువు మూతి మీద రాసి గీత చుడితే, ఇంక దాన్ని రైతూ ప్రశ్నించడు, వ్యాపారీ ప్రశ్నించడు. నిన్న సాయంత్రం పెట్టెను సైకిలు మీద కట్టుకొని పోయి, తన కాటా మీదే పెట్టి తూచి తెచ్చాడు. విమానం వాళ్లు ఒప్పుకొనేది ఇరవై మూడు కిలోలు. సరిగ్గా ఇరవై మూడు. గ్రాము తేడా లేదు.

పక్కింటి హబీబుల్లా అప్పుడొచ్చాడు. సౌదీలోని దమ్మాంలో పదకొండేళ్లు విమానాల దగ్గర సామాన్లు మోసి వచ్చిన మనిషి. అక్కడి ముచ్చట్లు చెప్పాలంటే అన్నం కూడా మానేస్తాడు. వచ్చీ రాగానే పెట్టె పిడి పట్టుకొని ఒక్కసారి పైకి లేపి కింద పెట్టాడు.

"గురవన్నా, ఇది ఇరవై మూడు కాదు."

గోడకానుకొని కూర్చున్న గురవయ్య కళ్లు మాత్రం తిప్పాడు. "నీ చెయ్యి కాటానా?"

"నా చెయ్యి దమ్మాంలో లచ్చ పెట్టెలు లేపింది. ఇది ఇరవై ఏడుంటది."

"మూత మీద రాసింది కనపడలా?"

హబీబుల్లా జేబులోంచి పిడికిలంత కాటా తీశాడు. కొక్కెం పెట్టె పిడికి తగిలించి రెండు చేతులతో లేపాడు. అంకెలు తిరిగి తిరిగి ఆగాయి. సలోమి వంగి చదివింది. ఇరవై ఏడు కిలోల నాలుగు వందలు.

"సరిగ్గానే చూపిచ్చింది," అన్నాడు గురవయ్య. ముఖంలో ఏ మార్పూ లేదు. "మొత్తం ఇరవై ఏడూ నాలుగొందలే. పెట్టె ఖాళీగా తూస్తే నాలుగూ నాలుగొందలు. తరుగు తీస్తే ఎంత?"

సలోమి మనసులోనే తీసివేత చేసింది. ఇరవై మూడు.

మిరప టిక్కీ తూచాక గోతం బరువు తీసేసి లెక్క కడతారు. దాన్నే సంచి తరుగు అంటారు. తీయకపోతే అది దొంగ తూకం. గురవయ్య పెట్టెను కూడా టిక్కీలాగే తూచాడు. ముందు ఖాళీ పెట్టె తూచి, సర్దాక మళ్లీ తూచి, తరుగు తీసి, మిగిలిన బరువు రాశాడు. ఇన్నేళ్లలో అతను నేర్చుకొన్న న్యాయం అదే. విమానం వాళ్లకు ఇంకో న్యాయం ఉంటుందని అతనికి తోచలేదు.

"అన్నా, విమానం కాడ తరుగు ఉండదు. పెట్టెతో సహా తూస్తారు," అన్నాడు హబీబుల్లా.

"పెట్టెతో సహా తూస్తే అది తూకమా? గోతంతో కలిపి కాయలు కొంటారా ఎవురన్నా?"

"వాళ్లు నీ కాయలు కొనట్లా. మోస్తన్నారు."

"మోసేదానికైనా న్యాయం ఉండొద్దా?"

"ఉందో లేదో నువ్వు పోయి అడుగు. ఈ పిల్ల మాత్రం ఇరవై మూడుతో పోవాలి."

గురవయ్య కూతురి వైపు చూశాడు. ఆ చూపు ఏమడుగుతోందో సలోమికి తెలుసు. నా తూకం తప్పని నువ్వూ అంటావా, అని. ఆ ప్రశ్నకు ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అవునని జవాబు చెప్పలేదు. ఆమె తల్లి బతికి ఉన్నప్పుడు కూడా చెప్పలేదు.

"హబీబు బాబాయి చెప్పింది నిజం నాన్నా," అంది సలోమి. "గ్రూపు టికెట్టు. ఎక్కువ తూగితే పెట్టె అక్కడే వదిలెయ్యమన్నాడు కాలేజీ సారు. నాలుగూ నాలుగొందలు తీసెయ్యాలి. ఇప్పుడే."

సలోమి రెయిన్ కోటు విప్పి మంచం మీద పడేసి, పెట్టె పడుకోబెట్టి జిప్పు లాగింది. గంటన్నర టైముంది. భయం వేయలేదు. పరీక్ష హాలులో చివరి పది నిమిషాల్లో చెయ్యి పరిగెత్తినట్టు ఒంట్లో ఉత్సాహం పరిగెత్తింది.

ముందు దుప్పటి తీసింది. రాహేలు నోరు తెరిచి, మనవరాలి ముఖం చూసి మూసుకుంది. స్వెట్టరు పోయింది, టోపీ పోయింది. కందిపొడి డబ్బా తీయబోతే హబీబుల్లా అడ్డుపడ్డాడు.

"పొడి ఉంచవే. పరాయి దేశంలో తొలి వారం అదే దిక్కు. ఆ రెండో జీన్స్ ప్యాంటు తియ్. తడిస్తే ఆరదు, ఆరకపోతే కంపు."

"నూలేగా అది. ఇప్పుడు తెలిసిందా కాలేజీ వాళ్లకు నూలంటే ఎందుకు కోపమో," అంది సలోమి నాయనమ్మతో. రాహేలు మూతి తిప్పుకుంది.

ప్యాంటు తీసి, మళ్లీ తూచారు. ఇరవై ఐదూ మూడొందలు. ఇంకా రెండు కిలోల మూడొందలు దిగాలి. సలోమి మోకాళ్ల మీద కూర్చొని లోపలికి చేయి పెట్టింది. అడుగున తండ్రి సర్దిన చోటు గట్టిగా దిమ్మిస కొట్టినట్టుంది. టిక్కీలో కాయలు తొక్కినట్టు మోకాలితో అదిమి సర్దాడు. తువ్వాళ్ల కింద వేళ్లకు బండలాంటిది తగిలింది.

"అడుగు కదిలించమాక," అన్నాడు గురవయ్య.

అప్పటికే అది బయటికొచ్చింది. ముతక గుడ్డలో చుట్టి, దబ్బనంతో పురికొస వేసి కుట్టిన మూట. పిడికిలికి కొంచెం పెద్దది. ఆ కుట్టు సలోమికి బాగా తెలుసు. తండ్రి చేతి కుట్టు. మూట మీద మార్కింగు ఇంకుతో ఏదో రాసి ఉంది, ఆ పక్క కిందికుంది.

"ఇదేంది నాన్నా?"

"నీది కాదు."

"నాది కానిది నా పెట్టెలో ఎందుకుంది?"

"అక్కడ పోస్టులో వేసెయ్. విప్పమాక."

హబీబుల్లా మూటను అరచేతిలోకి తీసుకొని బరువు చూశాడు. "ఇనుము. గురవన్నా, ఇది ఎక్స్‌రేలో నల్లగా కనపడుద్ది. పెట్టె పక్కన పెడతారు. పిల్లని పిలిచి, ఏముందమ్మా లోపల అని అడుగుతారు. తెలవదంటే విమానం ఎక్కనిస్తారా?"

"హబీబూ, నువ్వింటికి పో."

"పోతన్నా. చెప్పులు కనపడట్లా," అన్నాడు హబీబుల్లా, చెప్పులు కాళ్లకుండగానే.

సలోమి బ్లేడు తీసుకొని పురికొస తెంపింది. గురవయ్య చెయ్యి చాపాడు. ఆ చెయ్యి సగం దూరం వచ్చి ఆగిపోయింది. గుడ్డలోంచి నేల మీదికి దొర్లింది ఒక తూకపు రాయి. తుప్పు పట్టిన ఇనుము. పైన 'రెండు కిలోలు' అని పోత అచ్చు. తిరగేస్తే అడుగున గుంట, గుంట నిండా సీసం. సీసం గుంటకు పైగా ఉబ్బి ఉంది.

ఆ రాయిని సలోమి ఎప్పుడూ చూడలేదు. దాని గురించి వినని రోజు లేదు.

పద్నాలుగేళ్ల కిందట గురవయ్యా, అతని తమ్ముడు క్రాంతి కుమారూ ఒకే వ్యాపారి దగ్గర కాటా మీద ఉండేవారు. వ్యాపారి మాట విని క్రాంతి ఆ రాయి అడుగున అదనంగా సీసం పోయించాడు. రెండు కిలోలని అచ్చు, తూగేది రెండుంపావు. టిక్కీకి పావు కిలో రైతు నోట్లో మట్టి. నాదెండ్ల ఊరి రైతులకు అనుమానం వచ్చి రాయి తిరగేసినప్పుడు కాటా పట్టుకొని నిలబడింది గురవయ్య. చొక్కా చిరిగిందీ, నలుగురిలో దొంగ అనిపించుకొన్నదీ గురవయ్య. క్రాంతి నోరు విప్పలేదు. పది రోజుల్లో ఏజెంటును పట్టుకొని మలేషియా పోయాడు. ఏ ఊళ్లో ఉన్నాడో, అసలున్నాడో లేడో తెలియదని గురవయ్య తల్లికి చెప్పాడు. ఆ పేరు ఇంట్లో పలకొద్దని కూడా చెప్పాడు. రాహేలు పలకలేదు.

సలోమికి అప్పుడు ఆరేళ్లు. బాబాయి తనను టిక్కీల దొంతర మీద కూర్చోబెట్టి దించనని ఏడిపించడం ఒక్కటే గుర్తు.

"వాడిది వాడికి చేరాలి," అన్నాడు గురవయ్య. గొంతు పెరగలేదు. "పద్నాలుగేళ్లు నేను మోశా. ఇంక వాడు మొయ్యాలి."

"మోసేది వాడు కాదు. నేను," అంది సలోమి. "చదువుకోడానికి పోతన్నా నాన్నా. దీంతో నన్ను ఆపితే ఏం చేసేవాడివి? లిఖిత ఎక్కేది విమానం."

"ఆపరనుకున్నా."

"ఎట్టా అనుకున్నావు?"

కోపానికి తూకం లేదని గురవయ్యకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదు. కూతురు పరాయి దేశం పోతుంటే అందరికీ పొడీ, దుప్పటీ గుర్తొచ్చాయి. అతనికి రాయి గుర్తొచ్చింది.

అప్పటిదాకా మంచం దిగని రాహేలు ఇప్పుడు దిగింది. కర్ర లేకుండా నాలుగడుగులు వేసి, రాయిని ఒకసారి చూసి, దాన్ని వదిలేసి గుడ్డ ముక్క ఎత్తుకుంది. ఆమెకు అక్షరం రాదు. ఇంకుతో రాసిన గీతల మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాసింది.

"ఏం రాసుందే దీని మీద?"

సలోమి గుడ్డ అందుకుంది. పేరు చదివింది. కింద ఊరు కూడా ఉంది. తండ్రి వైపు చూసింది. గురవయ్య తల అడ్డంగా ఊపాడు, కొంచెమే, తల్లికి కనపడకుండా.

అంటే అతనికి తెలుసు. తమ్ముడున్న చోటు తెలిసీ, తెలియదని తల్లిని నమ్మించాడు. కిరాణా కొట్టు పేరని చెప్పేయవచ్చు. చెప్పేస్తే రాయి పక్కన పడుతుంది, జిప్పు పడుతుంది, బస్సు దొరుకుతుంది. ముసలామెకు ఎట్లాగూ చదవడం రాదు.

"చదువు," అంది రాహేలు. "ఎవుడి మొకమూ చూడమాక. చదువు."

సలోమి చదివింది. "క్రాంతి కుమార్. పామాయిలు తోట, బింటులు, బోర్నియో."

ఫ్యాను తిరుగుతోంది. రాహేలు ఏడుస్తుందనుకుంది సలోమి. కూలిపోతుందేమోనని హబీబుల్లా ముందుకొచ్చాడు. గురవయ్య కళ్లు మూసుకున్నాడు.

రాహేలు గుడ్డను మడత పెట్టింది. బొడ్లో దోపుకుంది.

"ఇది పాత అడ్రసు," అంది. "వాడు ఆ తోట మానేసి రెండేళ్లయింది."

గురవయ్య కళ్లు తెరిచాడు. తల తల్లి వైపు తిరగలేదు. నెమ్మదిగా హబీబుల్లా వైపు తిరిగింది.

"నీ ఫోనులోనా వాడితో మాట్లాడింది?"

"అమ్మ అడిగింది గురవన్నా," అన్నాడు హబీబుల్లా. ఈసారి నిజంగానే చెప్పుల కోసం చూశాడు. "అమ్మ అడిగితే కాదంటానా."

"వాణ్నేం అనమాక. నాతో మాట్లాడు," అంది రాహేలు. "నువ్వు నాకు చెప్పలా. నేను నీకు చెప్పలా. ఇద్దరం సమానం. వాడిప్పుడు కుచింగులోనే ఉంటన్నాడు. ఎల్లుండి పొద్దున ఈ పిల్ల దిగేసరికి గేటు కాడ నిలబడేది వాడే. నేనే రమ్మన్నా."

తప్పో ఒప్పో ఆ క్షణాన సలోమికి కలిగింది సంతోషమే. ముక్కూ మొహం తెలియని ఊళ్లో, వానలో, తనవాడొకడు తన కోసం నిలబడతాడు. ఆ సంతోషం ముఖంలోకి రాకుండా ఆపుకోవాలని చూసింది. ఆపుకోలేకపోయింది. గురవయ్య దాన్ని చూశాడు.

వాకిట్లో ఆటో ఆగింది. బస్టాండుకు మాట్లాడిన ఆటో. డ్రైవరు లోపలికి తొంగి చూశాడు. "ఎక్కేదెవురమ్మా? టైమైపోతంది."

"ఎవురూ లేరు," అన్నాడు గురవయ్య. "నువ్వు పో."

సలోమి రాయిని నేల మీదే వదిలేసి, జిప్పు ఒక్క గుంజుడున మూసి, పెట్టె నిలబెట్టి పిడి పట్టుకుంది. అప్పటికే తండ్రి చెయ్యి ఆ పిడి మీద ఉంది. ఇద్దరిలో ఎవరూ వదల్లేదు. బయట ఆటో వెనక్కి తిరుగుతున్న చప్పుడు మొదలైంది.